సైనికుడి కాగితాలూ, నవలాకారుడి బాధ్యతా

వియన్నాలో ఉద్యోగం చేసుకుంటున్న మిత్రుడొకడు ఒక చారిత్రక నవల రాస్తున్నాడు. అందులో మొదటి మూడు ప్రకరణాలూ పోయిన ఏడాది నాకు పంపి నిర్మొహమాటంగా అభిప్రాయం చెప్పమన్నాడు. నవల ఇంకా పూర్తికాలేదు కనక రచయిత పేరు బయటపెట్టడం న్యాయం కాదు. అయితే ఆ మూడు ప్రకరణాల మీద మా ఇద్దరి మధ్యా ఎనిమిది నెలలు సాగిన వాదోపవాదాల్లో, చారిత్రక నవల రాయబోయే ప్రతివారికీ ఎదురయ్యే సమస్య ఒకటి ఉంది. దాన్ని మన రచయితల ముందూ సాహిత్య విద్యార్థుల ముందూ పెట్టాలనే ఈ వ్యాసం. అతను అనుమతి ఇచ్చాడు. "మీ పొరపాటు కూడా దాచకుండా రాయాలి మాష్టారూ" అని ఒక షరతు పెట్టాడు. అలాగే రాస్తాను.

నవలకు మూలం ఒక పాత బూట్ల అట్టపెట్టె. అతను అద్దెకున్న ఇంటి యజమానురాలు ఎనభై దాటిన మనిషి. డాన్యూబ్ నదికి ఉత్తరాన, ఎగువ ఆస్ట్రియాలోని ఒక పల్లె ఆమెది. తండ్రి 1910లో పుట్టిన వ్యవసాయ కూలీ. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకున్న తరవాత ఆ దేశం నుంచి జర్మన్ సైన్యంలో పనిచేసిన 12 లక్షల మందికి పైగా ఉన్న మగవాళ్ళలో ఆయనొకడు. చనిపోయిన సుమారు రెండున్నర లక్షల మందిలో ఆయన లేడు. తిరిగొచ్చి, గొడ్లను కాసుకుని, నోరు విప్పకుండా ముసలివాడై పోయాడు. పెట్టెలో ఆయన సైనిక జీతపు పుస్తకం, నలభై దాకా ఉత్తరాలు, కొన్ని ఫొటోలూ ఉన్నాయి. "మా నాన్న గురించి రాయి, మావాళ్ళెవరూ రాయరు" అందట ఆమె. పరాయి దేశంలో ఒంటరిగా ఉంటున్న తెలుగు కుర్రాడికి అలా ఒక తండ్రి దొరికాడు.

మొదటి ప్రకరణం 1914లో జరుగుతుంది. కథానాయకుడి తండ్రి లింజ్ రెజిమెంటుతో సెర్బియా యుద్ధానికి పోయి అక్కడే చనిపోతాడు. పిల్లవాడికి నాలుగేళ్ళు. రెండో ప్రకరణం 1941 అక్టోబరు. ఆ పిల్లవాడే పెద్దవాడై, కంచరగాడిదలను తోలే సైనికుడిగా అదే సెర్బియాలో ఉంటాడు. వానలో తడిసి ఒక ముసలమ్మ గుడిసెలోకి వస్తాడు. ఆమె రేగిపండ్ల సారా పోస్తుంది, ఇతను తన సంచిలోని ఉప్పు ఇస్తాడు. ఇద్దరికీ భాష రాదు. ఆమె తన కొడుకు చొక్కా తెచ్చి తడిసిన ఇతని భుజాల మీద కప్పుతుంది. మూడోది గ్రీసు, మలేరియా, ఓటమి, ఇల్లు.

రెండో ప్రకరణం చదివి నేను కదిలిపోయానంటే అబద్ధం కాదు. మా ఊరి శాఖ నెలవారీ సమావేశంలో దాన్ని గొంతెత్తి చదివాను. బలవంతంగా తుపాకి పట్టిన ఒక దేశపు రైతుకూలీ, మరో దేశపు పేదరైతు తల్లి, మధ్యలో గుప్పెడు ఉప్పు. శ్రమజీవుల మానవత్వానికి ఇంతకంటే ఏం కావాలి అని వ్యాఖ్యానం కూడా జోడించాను. అందరూ మెచ్చుకున్నారు. వెనక బెంచీలో కూర్చున్న ఎం.ఏ. విద్యార్థిని ఒకతె మాత్రం లేచి, "ఆ ముసలామె కొడుకు ఎక్కడున్నాడు సార్? చొక్కా ఉంది కదా, మనిషేడీ?" అని అడిగింది. యుద్ధంలో ఉండి ఉంటాడమ్మా అని తేల్చేశాను. నా పొరపాటు అదే.

ఇంటికొచ్చిన తరవాత ఆ ప్రశ్న వదల్లేదు. మిత్రుడికి ఉత్తరం రాసి, ఆ జీతపు పుస్తకంలో ఏముందో పేజీ పేజీ చెప్పమన్నాను. ఇక్కడ విద్యార్థుల కోసం ఒక మాట. జర్మన్ సైనికుడు జేబులో పెట్టుకు తిరిగే ఆ చిన్న పుస్తకంలో అతను ఏ దళంలో చేరాడు, ఏ దళానికి మారాడు, ఏ టీకాలు వేశారు, ఏ సామాను ఇచ్చారు, ఏ తేదీన ఏ ఆసుపత్రిలో చేరాడు, ఎప్పుడు సెలవు మీద వెళ్ళాడు అన్నీ ఉంటాయి. ఇంటికి రాసే ఉత్తరం మీద మాత్రం దళం పేరు ఉండదు, అంకెల తపాలా సంఖ్య ఒక్కటే ఉంటుంది. అంటే ఇంటివాళ్ళకు తెలియనిది పుస్తకానికి తెలుసు. మిత్రుడు ఉత్తరాలు నలభై సార్లు చదివాడు. పుస్తకాన్ని బొమ్మలా చూసి పక్కన పెట్టాడు. ఉత్తరాల్లో భాష ఉంది, భావం ఉంది, ఆవు ఈనిన కబురుంది. పుస్తకంలో ఉన్నవి అంకెలే. మన సాహిత్యకారులకు అంకెలంటే చిన్నచూపు ఉంది, ఒప్పుకోవాలి.

జవాబు వచ్చింది: 749వ పదాతి రెజిమెంటు, 11వ కంపెనీ.

749వ రెజిమెంటు 717వ పదాతి డివిజనులోది. 1941 వసంతంలో ఆస్ట్రియాలోనే సమకూర్చిన డివిజను అది. ముందు వరసలో పోరాడటానికి కాదు, ఆక్రమించిన దేశాన్ని కాపలా కాయడానికి కాస్త వయసు మళ్ళిన వాళ్ళతో కట్టినది. 1910లో పుట్టినవాడు అందులో ఉండటం సహజం. ఇక జర్మన్ పదాతి రెజిమెంటులో మొదటి నాలుగు కంపెనీలూ మొదటి బెటాలియన్, తరవాతి నాలుగూ రెండోది, తొమ్మిది నుంచి పన్నెండు దాకా మూడోది. కాబట్టి 11వ కంపెనీ అంటే మూడో బెటాలియన్.

ఆ మూడో బెటాలియన్ 1941 అక్టోబరులో క్రాగుయెవాత్స్ పట్టణంలో ఉంది.

అక్కడ ఏం జరిగిందో ప్రపంచానికి తెలుసు, మాకే తెలియలేదు. సెర్బియాలో ఆ వేసవిలో ఆక్రమణదారుల మీద తిరుగుబాటు లేచింది. దాన్ని అణచడానికి సెప్టెంబరులో జనరల్ ఫ్రాంజ్ బోమేను పంపారు. ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతంలో పుట్టినవాడు, పాత హాబ్స్‌బర్గ్ సైన్యంలో పెరిగిన అధికారి. అక్టోబరు 10న అతనిచ్చిన ఆజ్ఞ: చనిపోయిన ఒక్కొక్క జర్మన్ సైనికుడికి 100 మందినీ గాయపడిన ఒక్కొక్కడికి 50 మందినీ కాల్చాలి. క్రాగుయెవాత్స్ పరిసరాల్లో జరిగిన పోరాటంలో 10 మంది చనిపోయారు, 26 మంది గాయపడ్డారు. పది వందలూ ఇరవయ్యారు యాభైలూ కలిపితే 2,300. ఆ లెక్క నింపడానికి ఊళ్ళో మగవాళ్ళను ఇళ్ళలోంచీ కార్ఖానాలోంచీ పట్టుకొచ్చారు. చాలకపోతే హైస్కూలు పిల్లలను, వాళ్ళ ఉపాధ్యాయులతో సహా, తరగతుల్లోంచి లేపుకుపోయారు. అక్టోబరు 20, 21 తేదీల్లో షుమారిత్సె అనే చోట కాల్చేశారు. సైన్యం రాసుకున్న సంఖ్య 2,300. తరవాతి పరిశోధనలు 2,700 దాటించాయి. సెర్బు కవయిత్రి దేశాంక మాక్సిమోవిచ్ ఆ బడిపిల్లల మీద రాసిన కవిత ఆ దేశంలో ప్రతివారికీ తెలుసు.

ఆ ముసలమ్మ కొడుకు ఎక్కడున్నాడో ఇప్పుడు నాకు తెలిసింది. నా మిత్రుడికీ తెలిసింది.

మొదటి ప్రకరణం సంగతి ఇంకా విచిత్రం. కథానాయకుడి తండ్రి 1914లో లింజ్ రెజిమెంటుతో సెర్బియాలో చనిపోయాడని కుటుంబం చెప్పుకుంటుంది. లింజ్ వాళ్ళ 14వ పదాతి రెజిమెంటు ఆ ఆగస్టులో వెళ్ళింది సెర్బియాకు కాదు, గలీషియాకు, రష్యన్ల మీదకు. ఇన్‌స్బ్రుక్ కేంద్రంగా ఉన్న 14వ సైనిక విభాగం మొత్తం అటే పోయింది. సెర్బియా మీదకు పోయి త్సేర్ కొండ దగ్గర దెబ్బతిని వెనక్కి వచ్చిన సైన్యాల్లో చెక్, క్రొయేషియన్ ప్రాంతాల దళాలు ఎక్కువ. మిత్రుడు అప్పటి ముద్రిత మృతుల జాబితాలు వెతికాడు. తాత పేరు దొరికింది: 14వ రెజిమెంటు, చనిపోయాడు.

"ఒక దేశానికి బదులు ఇంకో దేశం పడింది, దిద్దేస్తాను మాష్టారూ, పెద్ద మార్పేం కాదు" అని రాశాడు. ఇక్కడే మా మొదటి తగాదా. ఇది అచ్చుతప్పు కాదు. అతని కథ నడకంతా దీని మీదే నిలబడి ఉంది: తండ్రి సెర్బుల చేతిలో పోయాడు, కొడుకు సెర్బియాకు వచ్చాడు, పగ ఉండాల్సిన చోట ఒక తల్లి చొక్కా కప్పింది. చదవడానికి బాగుంది. కాని సెర్బియాలో దిగిన వెంటనే జనరల్ బోమే తన సైనికులకు ఇచ్చిన పిలుపు కూడా సరిగ్గా ఇదే. 1914లో సెర్బుల ద్రోహంవల్ల మనవాళ్ళ రక్తం ఈ నేల మీద కారింది, మీరు ఆ మృతులకు పగతీర్చేవాళ్ళు, అన్నది దాని సారాంశం. ఎగువ ఆస్ట్రియా కూలీల తండ్రులు గలీషియా బురదలో చనిపోతే, ఆ చావును తెచ్చి సెర్బియా ఖాతాలో రాసింది సేనాధిపతి. ఆ తప్పుడు పద్దు ఇంటి జ్ఞాపకంగా మారింది. అక్కడినుంచి అట్టపెట్టెలోకి, అట్టపెట్టెలోంచి తెలుగు నవలలోకి వచ్చింది. మానవతావాదంతోనే రాశాననుకున్న రచయిత చేత బోమే ప్రచారం తన మొదటి ప్రకరణం రాయించుకుంది.

ఆ ఇంట్లో ఆ మాట ఎప్పుడు పుట్టిందో ఎవరూ రుజువు చెయ్యలేరు. 1941 తరవాత కొడుకే తన మనసుకు సర్దిచెప్పుకోవడానికి కల్పించుకుని ఉండవచ్చునని నా అనుమానం. అనుమానాన్ని అనుమానంగానే నవలలో వాడుకోవచ్చు. అసలు నవల అక్కడే ఉందని కూడా అంటాను. 1914లో హాబ్స్‌బర్గ్ సైన్యం సెర్బియాలోని మాచ్వా ప్రాంతంలో, షాబాత్స్ పట్టణంలో పౌరులను ఏం చేసిందో లౌసాన్ విశ్వవిద్యాలయపు నేరశాస్త్రజ్ఞుడు ఆర్చిబాల్డ్ రైస్ అప్పుడే వెళ్ళి నమోదు చేశాడు. "ద్రోహం" ఎవరిదో ఆ నివేదిక చదివినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంతదూరం వచ్చాక కొందరు అనవచ్చు: అయితే నవలాకారుడు పత్రాగారంలో కూర్చుని కాగితాలు నమ్ముకోవాలన్నమాట. నేను అనేది అది కాదు. కాగితాలకు కూడా పుట్టుక ఉంది. వాటి పుట్టుకలో పాలకుల చెయ్యి ఉంది. దీనికి ఆస్ట్రియా చరిత్రే గొప్ప పాఠం.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వియన్నా యుద్ధ పత్రాగారంలో సాహిత్య బృందం ఒకటి పనిచేసింది. స్టెఫాన్ త్స్వైగ్ అందులో ఉన్నాడు. 1916లో కొన్ని నెలలు కవి రిల్కేను కూడా తెచ్చి కూర్చోబెట్టారు. యుద్ధరంగం నుంచి వచ్చే పొడి నివేదికలను ప్రజలు చదివి ఉప్పొంగే వీరగాథలుగా మార్చడం వాళ్ళ పని. ఆ పనికి అక్కడ వాడుకలో ఉన్న పేరు "వీరులకు తలదువ్వడం". రిల్కేకు అది చేతకాలేదు. కాగితాల మీద గీతలు గీసే పనిలో పడ్డాడు. చేతకాకపోవడం కూడా ఒక్కోసారి రచయిత గౌరవాన్ని కాపాడుతుంది. ఆ యుద్ధానికి అధికారిక చరిత్ర ఏడు సంపుటాలుగా 1930 నుంచి 1938 వరకూ వెలువడింది. రాసినవాళ్ళు ప్రధానంగా పాత సైన్యాధికారులు. సంపాదకత్వానికి పెద్ద ఎడ్మండ్ గ్లైజ్-హోర్స్టెనౌ, పత్రాగారానికి డైరెక్టరు. 1938లో ఆయన నాజీ మంత్రివర్గంలో చేరాడు. తరవాత జాగ్రెబ్‌లో జర్మన్ జనరల్ అయ్యాడు. 1946లో నిర్బంధంలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఎనభై లక్షల మందిని సమీకరించి పది లక్షలకు పైగా పోగొట్టుకున్న సైన్యపు కథను ఎవరి చేతులు రాశాయో తెలియడానికి ఈ ఒక్క జీవితం చాలు.

ఆ సైన్యంలో మామూలు సైనికుడికి ఒక చరిత్ర పత్రం ఉండేది. పుట్టిన ఊరు, మతం, వృత్తి, జుట్టు రంగు, ముక్కు తీరు, వచ్చిన భాషలు అందులో ఉంటాయి. "వచ్చిన భాషలు" గడి నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. 1914లో నూటికి 25 మంది మాత్రమే జర్మన్ మాట్లాడేవాళ్ళు. హంగేరియన్లు 23, చెకులు 13, మిగిలినవాళ్ళు క్రొయేట్లు, పోలులు, ఉక్రేనియన్లు, రుమేనియన్లు, స్లొవాకులు, స్లొవీన్లు, ఇటాలియన్లు. ఆజ్ఞలు మాత్రం ఎనభై జర్మన్ మాటల్లో. చావమనడానికి ఎనభై మాటలు సరిపోయాయి. ఎందుకో అడగడానికి మాత్రం సైనికుడికి భాష లేదు. ఆ సామ్రాజ్యం విరిగిపోయాక ఈ పత్రాలను కూడా వారస దేశాలు పంచుకున్నాయి. ఇవాళ ఒక కుటుంబంలో అన్న కాగితం ఒక దేశంలోనూ తమ్ముడి కాగితం ఇంకో దేశంలోనూ ఉండే అవకాశం ఉంది.

ఈ కాగితాల మాయను ఆ దేశపు గొప్ప రచయితలు పసిగట్టారు. జోసెఫ్ రోత్ "రాడెట్స్కీ మార్చ్" (1932) మొదలయ్యేదే ఇక్కడ. సోల్ఫెరినో యుద్ధంలో చక్రవర్తి ప్రాణం కాపాడిన పదాతి అధికారి త్రోత్తా, కొన్నేళ్ళ తరవాత తన కొడుకు పాఠ్యపుస్తకంలో తన కథే చదువుతాడు. అందులో తను గుర్రపు దళం వీరుడు! ఇది అబద్ధమని పై అధికారులకు మొరపెట్టుకుంటాడు, చివరికి చక్రవర్తినే అడుగుతాడు. పాఠం తీసేస్తారు తప్ప నిజం ఎవరికీ అక్కర్లేదు. ఆ రైతు మనవడు సైన్యం వదిలేస్తాడు. నవలలో మిగిలినదంతా ఆ అబద్ధం నీడలోనే నడుస్తుంది. తమాషా ఏమిటంటే రోత్ కూడా తన సైనిక జీవితం గురించి కోతలు కోసినవాడే. అధికారిగా పనిచేశాననీ రష్యన్లకు బందీగా చిక్కాననీ చెప్పుకునేవాడు. రెండూ నిజం కావు. తన గురించి బొంకినవాడు సామ్రాజ్యం బొంకును అంత సూటిగా పట్టుకోవడం సాహిత్యంలో జరిగే వింత. కాని రోత్ చక్రవర్తి మీద మమకారం వదులుకోలేదు, ఆ నవలలోని సాయంకాలపు కాంతి మన కళ్ళను కూడా కాస్త మబ్బు కమ్మిస్తుంది.

యారొస్లావ్ హాషెక్‌కు ఆ జబ్బు లేదు. 91వ రెజిమెంటులో పనిచేసి, 1915లో రష్యన్లకు చిక్కి, తరవాత ఎర్రసైన్యంలో చేరినవాడు. "ష్వెయిక్"లో రెజిమెంటు అసలుదే, అధికారుల పేర్లు కొన్ని అసలువే, రైలు దారి అసలుదే. ఆ నిజాల చట్రంలో మహారాజుల యుద్ధాన్ని నవ్వులపాలు చేశాడు. కార్ల్ క్రౌస్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. "మానవజాతి చివరి రోజులు" నాటకానికి ముఖచిత్రంగా ఒక నిజమైన ఫొటో పెట్టాడు: 1916 జులైలో త్రెంతోలో ఉరితీసిన చెసారె బత్తిస్తి శవం, దాని పైన నవ్వుతున్న తలారి, చుట్టూ ఫొటోలో పడాలని ముందుకు తోసుకుంటున్న మనుషులు. ఆ ఫొటోను జ్ఞాపికగా అచ్చువేసినవాళ్ళకు అది విజయం. అదే కాగితం క్రౌస్ చేతిలో అభియోగపత్రం అయింది. పరిశోధన అంటే నా దృష్టిలో ఇది. ఎవరు తీశారు, ఎవరికోసం తీశారు, ఎవరు నవ్వుతున్నారు అని అడగడం.

మిత్రుడు రెండో ప్రకరణం తిరగరాసి పంపాడు. ఈసారి గుడిసె లేదు, ఉప్పు లేదు. కథానాయకుడు షుమారిత్సెలో కాల్పుల వరసలో నిలబడి, తుపాకి ఎత్తి, గాలిలోకి పేలుస్తాడు. చదివి నాకు కోపం వచ్చింది. మొదటి రాత అమాయకమైంది. ఇది తెలిసి చేసిన పని.

ఎందుకంటే ఇలాంటి కథ ఇంతకుముందే ఒకటి ఉంది. 1941 జులైలో స్మెదెరెవ్‌స్కా పాలాంకాలో పార్టిజాన్లను కాల్చనన్నందుకు యోసెఫ్ షుల్స్ అనే జర్మన్ సైనికుడిని వాళ్ళతోపాటు నిలబెట్టి కాల్చేశారని దశాబ్దాల పాటు నమ్మారు. ఫొటో చూపించారు, సినిమా తీశారు, స్మారకం మీద పేరు చెక్కారు. సైనిక కాగితాలు చూస్తే అతను ఆ కాల్పులకు ముందురోజే పోరాటంలో చనిపోయాడు. ఇరుపక్షాల్లో మంచివాళ్ళు ఈ కథను కోరుకున్నారు, ఎందుకంటే ఒక్క మంచి సైనికుడు దొరికితే మిగతా వాళ్ళ లెక్క అడగనక్కరలేదు. నవలలో గాలిలోకి పేలిన తూటా కూడా అదే పని చేస్తుంది.

అతను ఊరుకోలేదు. "ఆయన చంపాడని రుజువేదీ మాష్టారూ? కంపెనీలో నూటయాభై మంది. ఆ రోజు కంచరగాడిదల దగ్గరే ఉన్నాడేమో. మీరు ప్రాసిక్యూటరులా మాట్లాడుతున్నారు" అన్నాడు. న్యాయమైన మాట. మళ్ళీ పుస్తకం తెరవమన్నాను. ఆసుపత్రి పేజీలో 1941 అక్టోబరులో ఏమీ లేదు. సెలవు పేజీలోనూ లేదు. అదే ఆసుపత్రి పేజీలో 1943 నవంబరు నుంచి జనవరి దాకా మలేరియా ఉంది. అప్పటికి ఆ డివిజను 117వ యేగర్ డివిజనుగా పేరు మార్చుకుని గ్రీసులో ఉంది. 1943 డిసెంబరు 13న కలావ్రితా పట్టణంలోని మగవాళ్ళను నాలుగు వందల మందికి పైగా కొండవాలు మీద కాల్చింది ఆ డివిజనే. ఆ రోజు మన మనిషి జ్వరంతో మంచం మీద ఉన్నాడు. ఒక పేజీ ఒక ఊరి విషయంలో అతన్ని తప్పించింది, అదే పేజీ ఇంకో ఊరి విషయంలో తప్పించలేకపోయింది. కాగితం ఇంతవరకే వస్తుంది. కాల్చాడని చెప్పదు, కాల్చలేదనీ చెప్పదు. ఆ ఊళ్ళో ఉన్నాడని చెబుతుంది. ఆ తరవాతి ఆదివారం రాసిన ఉత్తరం పెట్టెలో ఉంది: మేజోళ్ళు పంపండి, ఆవు ఈనిందా, ఇక్కడ వానలు.

ఆ ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు పెట్టి, దాని చుట్టూ నవల కట్టమన్నాను. రాసేవాడి చేతికి తెలిసినదీ కాగితం మీదకు రానిదీ, రెండిటికీ మధ్య ఉన్న దూరమే ఆ కథలో అసలు వస్తువు. ఉత్తరాలను సెన్సారు చూస్తుందన్నది నిజమే. కాని మేజోళ్ళ గురించి రాయమని ఏ సెన్సారూ చెప్పలేదు.

మన అభ్యుదయ విమర్శకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాటవేయకూడదు. సైనికుడు యూనిఫాం వేసుకున్న రైతు అనే సూత్రం మనకు బాగా అలవాటు. హాషెక్ లోకానికి అది సరిపోతుంది. 1918 ఫిబ్రవరిలో కత్తారో రేవులో ఎర్రజెండాలెత్తిన నావికులకూ సరిపోతుంది. 1941 సెర్బియాకు తీసుకొస్తే అదే సూత్రం అటు కాల్చినవాణ్నీ ఇటు కూలినవాణ్నీ ఒకే కన్నీటిచుక్కలో కలిపేస్తుంది. కార్ఖానా కార్మికులను కాల్చింది కూడా కూలీలే. వర్గం పేరు చెప్పి ఈ నిజాన్ని మింగేయడం వర్గ దృక్పథం కాదు, సోమరితనం.

పైగా ఆస్ట్రియాలో ఆ కన్నీటిచుక్కకు రాజ్యం అండ కూడా దొరికింది. 1943లో మిత్రరాజ్యాల మాస్కో ప్రకటన ఆస్ట్రియాను హిట్లర్ దురాక్రమణకు మొదటి బలిగా పేర్కొంది. బాధ్యత కూడా ఉందని అందులోనే రాసిన వాక్యాన్ని తరవాత మరిచిపోయారు. 1986లో అధ్యక్ష పదవికి పోటీచేసిన కుర్ట్ వాల్ట్‌హైమ్ తన జీవితచరిత్రలో బాల్కన్ సైనిక సేవను ఎగరగొట్టేశాడని పాత కాగితాలే బయటపెట్టాయి. అందరిలాగే నేనూ విధి నిర్వర్తించానన్నాడు. గెలిచాడు కూడా. ఆస్ట్రియన్ల బాధ్యతను ఛాన్సలర్ ఫ్రాన్ట్స్ వ్రానిత్స్కీ పార్లమెంటులో ఒప్పుకున్నది 1991లో. నవలాకారులు అంతకు చాలా ముందే మాట్లాడారు. హాన్స్ లేబెర్ట్ "తోడేలు చర్మం" (1960) ఒక పల్లె అంతా కలిసి దాచిన హత్య కథ. గెర్హార్డ్ ఫ్రిచ్ "ఫాషింగ్" (1967)లో సైన్యం వదిలి పారిపోయి ఆడవేషంలో దాక్కున్నవాడు తిరిగి ఊరికొస్తే, ఊరు క్షమించదు. ఇంగెబోర్గ్ బాఖ్‌మన్ కథ ఒకదానిలో మాజీ సైనికులు వియన్నా సారాకొట్టులో కూర్చుని పాత యుద్ధాన్ని తీపిగా నెమరేసుకుంటుంటారు.  మిత్రుడు ఇవేవీ చదవకుండా నవల మొదలుపెట్టాడు. పరిశోధన అంటే పత్రాగారమే కాదు, ఆ భాషలో అంతకుముందు వచ్చిన నవలలు కూడా.

ఆ ఎగువ ఆస్ట్రియాలోనే సాంక్ట్ రాడెగుండ్ అనే పల్లెలో ఫ్రాన్ట్స్ యేగర్‌స్టెట్టర్ అనే రైతు ఉండేవాడు. 1943 మార్చిలో ఎన్స్ బారకుకు వెళ్ళి, హిట్లర్ కోసం ఆయుధం పట్టనని చెప్పాడు. ఆగస్టు 9న తల తీశారు. భార్య, చిన్నపిల్లలు. యుద్ధం అయ్యాక కూడా ఊరు ఆయన్ని అంత త్వరగా తమవాడనుకోలేదు. ఈయన్ని తెచ్చి మన కథానాయకుడి మీద కర్రలా వాడొద్దని మిత్రుడికి చెప్పాను. ఒక్కడు నిరాకరించాడు గనక అందరూ నిరాకరించగలరని అనడం తేలిక, ముఖ్యంగా నాలాంటి కుర్చీలో కూర్చున్నవాడికి. కాని ఆయన ఉన్నాడన్న సంగతి ఆ పల్లెల్లో అందరికీ తెలిసిన గాలి. ఆ గాలి నవలలో వీచాలి.

మనకు ఇదంతా దూరపు గొడవ అనుకోనక్కరలేదు. మహీధర రామమోహనరావు "కొల్లాయి గట్టితే నేమి?" రాసినప్పుడూ, వట్టికోట ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి" రాసినప్పుడూ తాము చూసిన కాలాన్ని, తాము తిరిగిన ఊళ్ళను రాశారు. వాళ్ళకు కాగితం సాక్ష్యం కాదు, ఒళ్ళే సాక్ష్యం. ఇప్పుడు రాసేవాళ్ళకు ఆ ఒళ్ళు లేదు. తాతల పెట్టెలు మిగిలాయి. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం అని పేరుపడ్డ ఊరు రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపింది. ఆ ఇళ్ళలోనూ పెట్టెలుంటాయి. తెల్లవాడి సైన్యంలో మనవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో, ఎవరి మీద నిలబడ్డారో, ఏ నవలాకారుడు ఆ పెట్టెలు తెరిచి అడుగుతాడో చూడాలి.

మిత్రుడి మూడో రాత ఇంకా రాలేదు. మొన్న ఉత్తరం మాత్రం వచ్చింది. షుమారిత్సె మ్యూజియం చూసి వచ్చాడట, బడిపిల్లల స్మారకం దగ్గర రెండు గంటలు కూర్చున్నాడట. తిరిగొచ్చాక ఇంటి యజమానురాలికి 11వ కంపెనీ సంగతి చెప్పాడు. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. కాఫీ పెట్టి ఇచ్చింది. రెండు రోజుల తరవాత తలుపు తట్టి, మా నాన్న పుస్తకం ఒకసారి ఇవ్వు, చూసి ఇస్తానంది. ఇచ్చాడు. అది తిరిగి వస్తుందో రాదో తెలియదంటున్నాడు. అన్ని పేజీలకూ నకళ్ళు తీసి ఉంచుకున్నావా అని ఆ రాత్రే జవాబు రాశాను. ఉంచుకున్నాడట. కాని ఆమె ఒప్పుకోకపోతే ఆ నకళ్ళు వాడే హక్కు తనకుందా అని ఇప్పుడు నన్నడుగుతున్నాడు. దానికి జవాబు నేనింకా రాయలేదు.